రెండోసారి పిలుపు

క్లీనింగ్ పని మొదలుపెట్టి ఏడాది దాటినవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. ఎన్ని కరపత్రాలు పంచారో, ఏ యాప్‌కు ఎంత కమీషన్ పోతోందో గుక్కతిప్పుకోకుండా చెబుతారు. పోయిన దసరాకు చేసిన ఇళ్లలో ఈ దసరాకు మళ్లీ పిలిచినవి ఎన్ని అని అడిగితే మాత్రం కాసేపు ఆలోచించి, "ఉంటాయి సార్, ఓ పదిహేను" అంటారు. ఆ పదిహేను అప్పటికప్పుడు నోటికొచ్చిన సంఖ్య.

కొత్త ఇల్లు ఒకటి దొరకడానికి ఏమేం ఖర్చవుతుందో కాగితం మీద రాసుకోండి. ఫోన్ వస్తుంది, ఇల్లు చూసి రేటు చెప్పమంటారు. బండేసుకుని వెళ్తాం. అంతా చూపించి "మా వారిని అడిగి చెబుతాను" అంటారు. రెండు రోజులాగి మళ్లీ మనమే ఫోన్ చేయాలి. వెయ్యి తగ్గించమంటారు, అయిదొందలు తగ్గిస్తాం. అదే ఇల్లు రెండోసారి పిలిస్తే ఈ తతంగమేదీ ఉండదు. "పోయినసారి వచ్చిన కుర్రాళ్లనే పంపండి, ఆదివారం" అని ఒక్క మెసేజ్ వస్తుంది. ఈ పనిలో మిగులు ఉన్నది ఆ మెసేజ్ దగ్గరే. మొదటి పనిలో మిగిలేది చాలాసార్లు పెట్రోలుకే సరి.

ఇంకో చిక్కుంది. మన దగ్గర డీప్ క్లీనింగ్ పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చాక నేల మీది సిమెంటు మరకలు, కిటికీల మీది పెయింటు చుక్కలు గీకించుకునేది గృహప్రవేశానికి ముందు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే ఒకే ముహూర్తానికి నాలుగు ఇళ్లవాళ్లు పిలుస్తారు, మనుషులు చాలరు. ఆషాఢం రాగానే ఫోన్ మూగబోతుంది. పుష్యంలోనూ గృహప్రవేశాలుండవు గానీ సంక్రాంతి బూజు దులుపుళ్లు కాస్త ఆదుకుంటాయి. మధ్యలో మూఢం పడితే చెప్పనే అక్కర్లేదు. ఆ ఖాళీలో జీతాలివ్వలేక కుర్రాళ్లను వదిలేస్తాం. మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేసరికి వాళ్లు ఫుడ్ డెలివరీలోనో ఇంకొకరి దగ్గరో కుదిరిపోయి ఉంటారు. కొత్తవాళ్లను తెచ్చి పని నేర్పేలోగా సీజన్ సగం గడుస్తుంది, పని చెడుతుంది, చెడిన చోట రెండోసారి పిలవరు. చిన్న వ్యాపారాలు చాలావరకు ఈ సుడిలోనే మునుగుతాయి. కాబట్టి ముందు పెట్టుకోవాల్సిన గురి ఒకటే. మీ మనుషుల జీతాలకు సరిపడా డబ్బు పంచాంగంతో నిమిత్తం లేకుండా నెలనెలా రావాలి. గృహప్రవేశాల డబ్బు ఆ పైన వచ్చేది.

మళ్లీ మళ్లీ అవసరమయ్యే పనులు

సోఫా షాంపూ, చిమ్నీ క్లీనింగ్ లాంటివి ఇంటావిడకు విసుగొచ్చిన రోజున గుర్తొస్తాయి. వాటికి తేదీ లేదు. తేదీ ఉన్న పనులు వేరే ఉన్నాయి. సంపు, పైన ట్యాంకు ఆరు నెలలకోసారి కడిగించాలని అందరికీ తెలుసు, ఎప్పుడు కడిగించామో మాత్రం ఎవరికీ గుర్తుండదు. డాబా మీది నీటి గొట్టాల మూతులు, ఇంకుడు గుంతలు జూన్ వానలకు ముందే పూడిక తీయించాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుళాయిల మీద, షవర్ల మీద ఉప్పు పేరుకుంటుంది, రెండు మూడు నెలలకు మళ్లీ మొదటికొస్తుంది. డెంటల్ క్లినిక్కులు, ప్లేస్కూళ్లు, ఇరవై ముప్పై మంది పనిచేసే ఆఫీసులు రోజూ తుడవకపోతే నడవవు. ఓనరు అమెరికాలో ఉండి తాళం వేసిన ఫ్లాటును నెలకోసారైనా తెరవాలి.

వీటిలో రెండు ఎంచుకోండి, అన్నీ వద్దు. పెస్ట్ కంట్రోలు, పెయింటింగు, ప్లంబింగు అన్నీ చేస్తామని కార్డు మీద అచ్చువేయిస్తే చూసేవాళ్లకు బాగుంటుంది గానీ, ఏ పనికి మిమ్మల్ని పిలవాలో ఎవరికీ గుర్తుండదు.

పని ఎంచుకున్నాక ఊరిలో మూల ఎంచుకోవాలి. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైనే దాదాపు 29 కిలోమీటర్లు. మీరు బకెట్లు, పంపు, స్క్రబ్బింగ్ మెషిను వేసుకుని వెళ్లేది మెట్రోలో కాదు, ట్రాలీ ఆటోలో, అదీ ఆఫీసు ట్రాఫిక్‌లో. ప్రగతినగర్‌లో పొద్దున ఒక పని, ఉప్పల్‌లో మధ్యాహ్నం ఇంకో పని ఒప్పుకుంటే ఒక రోజు కూలి రోడ్డు మీదే కరిగిపోతుంది. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి పక్కపక్కనే ఉన్నాయి. ఆ మూడింట్లోనే మీకు చాలినన్ని అపార్టుమెంట్లున్నాయి. ఒకే వీధిలో నాలుగు బిల్డింగులు దొరికితే నాలుగు చోట్లకూ ఆటో కిరాయి ఒక్కటే. అయిదో బిల్డింగువాళ్లు మీ కుర్రాళ్ల టీషర్టులు అప్పటికే చూసి ఉంటారు. మొదట్లో దూరపు పని వదులుకోవాలంటే చెయ్యి రాదు, నిజమే. అయినా వదులుకోండి.

ట్రెజరర్ భయం

పెద్ద గేటెడ్ కమ్యూనిటీల జోలికి ఇప్పుడే వెళ్లకండి. అక్కడ ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ కంపెనీలుంటాయి, వాళ్ల టెండర్ కాగితాలే ఒక పుస్తకమంత. మీ చోటు పదిహేను నుంచి అరవై ఫ్లాట్ల వరకు ఉండే మామూలు అపార్టుమెంటు. అక్కడ మేనేజరు ఉండడు. బ్యాంకులోనో కాలేజీలోనో పనిచేసుకునే ఒకాయన అందరూ బలవంతపెడితే ట్రెజరర్ అయ్యుంటాడు. మెయింటెనెన్స్ వసూలు చేసేది, ఖర్చుపెట్టేది, అందరి చేతా మాటలు పడేది ఆయనే.

ఈయనను అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే. సంపు శుభ్రంగా ఉండాలన్న కోరిక ఆయనకూ ఉంటుంది. అంతకంటే పెద్దది భయం. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు ఆయన "ట్యాంకు కడగడానికి ఇంత ఎందుకైంది? ఎవరిని అడిగి ఇచ్చారు?" అని పెడతాడు. దానికి జవాబు ఉంటే ట్రెజరర్ నిద్రపోతాడు. ఆ జవాబు తయారు చేసి ఇవ్వాల్సింది మీరు. కొటేషన్ అర పేజీలో తెలుగులోనో తేలిక ఇంగ్లీషులోనో ఉండాలి. సంపు ఎన్ని లీటర్లు, ట్యాంకులు ఎన్ని, ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు నీళ్లు ఆగుతాయి, బురద ఎక్కడ పోస్తారు, మొత్తం ఎంత. పని అయ్యాక ముందు ఫొటో, తర్వాత ఫొటో, తేదీ పడేలా. ఆయన వాటిని అలాగే గ్రూపులోకి పంపేస్తాడు. ఆ గ్రూపులో అరవై కుటుంబాల దాకా ఉంటాయి, అందులో కొందరికి వేరే చోట ఇంకో ఫ్లాటు ఉంది, కొందరి బావమరది పక్క వీధి అసోసియేషన్‌లో సెక్రటరీ. ఏ కరపత్రమూ చేరని చోటికి ఆ ఫొటో చేరుతుంది.

ట్రెజరర్ కంటే ముందు వాచ్‌మన్ ఉన్నాడు. సెల్లారులో ఒక గదిలో భార్యాపిల్లలతో ఉంటాడు. చాలాచోట్ల మెట్లు, కారిడార్లు తుడిచేది ఆయన భార్యే, ఆ డబ్బు ఆ ఇంటికి ఆధారం. "మెట్లు కూడా మాకే ఇవ్వండి సార్, మెషినుతో చేస్తాం" అని మీరు ట్రెజరర్‌తో అన్న మరుక్షణం ఆ గేటు మీకు మూసుకుపోయినట్టే. మోటారు గది తాళం దొరకదు, నీళ్లు ఆపాల్సిన వేళకు వాల్వు తిరగదు. మూసుకోవడం న్యాయం కూడా. ఆమె చేయలేని పనులు తీసుకోండి: సంపు, సెల్లారు నూనె మరకలు, లిఫ్టు గ్రిల్లు, బయటి అద్దాలు. మొదటిరోజు వెళ్లగానే "అన్నా, మెట్ల పని అక్కదే, మేం దాని జోలికి రాం" అని చెప్పేయండి. ఆయన చేతిలో పని పూర్తయ్యాక రెండొందలు పెట్టడం వేరు, కమీషన్ మాట్లాడుకుని బిల్లులో కలపడం వేరు. రెండోది ఏదో ఒక రోజు బయటపడుతుంది. ఆ రోజు ట్రెజరర్‌కు మీరిచ్చిన కాగితాలన్నీ చిత్తుకాగితాలవుతాయి.

పని అయ్యాక మోటారు స్విచ్‌బోర్డు పక్కన ఒక స్టిక్కరు అతికించండి. కడిగిన తేదీ, మళ్లీ కడగాల్సిన నెల, మీ నంబరు. వాచ్‌మన్ రోజూ పొద్దున సాయంత్రం ఆ స్విచ్ వేస్తాడు. ఇంతకు మించిన ప్రకటన నేను చూడలేదు, ఖర్చు పదిరూపాయలు కూడా కాదు. మీ దగ్గర మాత్రం నెలకో పేజీ చొప్పున పన్నెండు పేజీల నోట్‌బుక్ ఉండాలి. మార్చిలో కడిగిన బిల్డింగును సెప్టెంబరు పేజీలో ఆ రోజే రాసుకోవాలి. సెప్టెంబరు మొదటివారంలో "సార్, మీ సంపు కడిగి ఆరు నెలలైంది, ఈ ఆదివారం గానీ వచ్చే ఆదివారం గానీ ఖాళీ ఉంది" అని ఒక మెసేజ్ చాలు. రోజూ గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు పంపేవాళ్ల నంబరును జనం మ్యూట్‌లో పెడతారు. అసలు మెసేజ్ వచ్చినరోజు అదీ కనబడదు.

రేటు గురించి

సంపు, రెండు ట్యాంకులున్న ఒక బిల్డింగు అనుకుందాం. ఇద్దరి కూలి 1,600, ఆటో 400, బ్లీచింగు, డీజిలు, పంపు అరుగుదల 300. మొత్తం 2,300. ఇందులో మీ రోజు లేదు, లాభం లేదు. పక్కవాడు 2,200కు చేస్తానన్నాడని మీరు 2,100 అన్నారంటే ఆ పని మీరు డబ్బిచ్చి చేస్తున్నట్టు. పక్కవాడు ఎలా చేస్తున్నాడంటే గోడలు రుద్దకుండా, బురద తోడి నీళ్లు వదిలేసి. లేదా ఆయనా మీలాగే లెక్క వేసుకోలేదు. మీ రేటు 3,500 అని చెప్పండి. ఏడాదికి రెండుసార్లు ఒప్పుకుని, పక్క బిల్డింగు పని ఉన్న రోజే తేదీ ఇస్తే ఒక్కోసారికి 3,000 అనండి. ఆటో కిరాయిని రెండు బిల్డింగుల మధ్య పంచవచ్చు కాబట్టి ఆ తగ్గింపులో కొంత మీకే తిరిగి వస్తుంది. ఊరికే తగ్గిస్తే రేటు ఎప్పుడూ పెరగదు. ఏదో ఒకదానికి బదులుగా తగ్గించాలి.

జీఎస్టీ గురించి అనవసరంగా బెంగపడేవాళ్లు చాలామంది. సేవలమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చిన్న అసోసియేషన్ మీకు కట్టే 18 శాతం పన్నును సాధారణంగా ఎక్కడా తిరిగి రాబట్టుకోలేదు, వాళ్లకది నేరుగా ఖర్చే. అంటే రిజిస్ట్రేషన్ లేకపోవడం అపార్టుమెంట్ల దగ్గర మీకు కలిసొచ్చే విషయం. ఆఫీసులు మాత్రం జీఎస్టీ బిల్లు అడుగుతాయి, ఎందుకంటే వాళ్లు ఆ పన్నును సర్దుబాటు చేసుకోగలరు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వేసి వసూలు చేయడం మాత్రం నేరం, చిన్న మొత్తమే కదా అనుకోకండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అందరూ చేయించుకోవచ్చు. ప్రభుత్వ పోర్టల్‌లో అది ఉచితం, మధ్యవర్తికి రెండు వేలు ఇవ్వాల్సిన పని లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసిన గడువులోగా, అదీ 45 రోజులకు మించకుండా, ఇవ్వాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ పడుతుంది. ఈ చట్టం పేరు ఎత్తి ఎవరితోనూ గొడవపెట్టుకోకండి. ఆఫీసులకిచ్చే కొటేషన్‌లో "బిల్లు ఇచ్చిన 15 రోజుల్లో చెల్లింపు" అనే వరుస, కింద మీ ఉద్యమ్ నంబరు ఉంటే చాలు. చదవాల్సిన అకౌంటెంటుకు అర్థమవుతుంది.

తాళం వేసిన ఫ్లాట్లు

ఇది మన ఊళ్లలో బాగా దొరికే పని, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో ఫ్లాటు కొని డాలస్‌లో ఉండే కుటుంబాలు ఎన్నో. అద్దెకిస్తే గోడలు పాడుచేస్తారని కొందరు, మేమే వస్తాం కదా అని కొందరు తాళం వేసి ఉంచుతారు. మూసిన ఇల్లు దానంతటదే పాడవుతుంది. బాత్రూం జాలీల కింద నిలిచే నీళ్లు ఎండిపోయి కంపు, బొద్దింకలు పైకి వస్తాయి. బాల్కనీలో పావురాలు కాపురం పెడతాయి. వానకు పైకప్పులో చెమ్మ దిగితే ఎవరూ చూడరు, ఏడాది తర్వాత అల్మారా చెక్కే పోతుంది.

నెలకోసారి వెళ్లి కిటికీలు తీసి, అన్ని కుళాయిలూ వదిలి, ఫ్లష్ చేసి, ఫ్యాన్లు తిప్పి, తుడిచి, గదికో నిమిషం వీడియో తీసి పంపాలి. ఎప్పుడు పంపాలన్నదీ ముఖ్యమే. ఇక్కడ ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పంపితే డాలస్‌లో శనివారం రాత్రి. వంట అయిపోయి సోఫాలో కూర్చున్న వేళ చూస్తారు, అప్పుడే జవాబిస్తారు. మంగళవారం మధ్యాహ్నం పంపితే వాళ్లకది అర్ధరాత్రి. పొద్దున లేచాక ఆఫీసు మెసేజ్‌ల కింద పడిపోతుంది.

ఈ కస్టమరును వెతకాల్సింది డాలస్‌లో కాదు. వాళ్ల అమ్మానాన్నలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటారు, తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గరే ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో నెలనెలా బస్సెక్కి వచ్చి తలుపు తీసి వెళ్తుంటారు. మీరు ట్యాంకు కడిగే బిల్డింగులో తాళం వేసిన ఫ్లాట్లు ఏవో వాచ్‌మన్‌కు తెలుసు, పెద్దవాళ్లు ఎప్పుడొస్తారో కూడా తెలుసు. "అమ్మా, మీరు ప్రతిసారీ శ్రమపడక్కర్లేదు, ఒక్కసారి మీ ముందే చేసి చూపిస్తాం" అనండి. ఆవిడ ఫోన్ చేసి "మంచి పిల్లలురా" అంటే అబ్బాయి మారు మాట్లాడడు.

తాళంచెవి తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వండి. చెవికి ఫ్లాటు నంబరు కట్టొద్దు, మీకు మాత్రమే తెలిసే గుర్తు కట్టండి. ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలి. తలుపు వేశాక తాళం ఫొటో తీయాలి. డబ్బు మూడు నెలలకు ముందే తీసుకోండి, దూరంలో ఉన్నవాళ్లను నెలనెలా అడగడం ఇద్దరికీ ఇబ్బంది. కొన్నాళ్లకు "ఎవరైనా అద్దెకు వచ్చేవాళ్లుంటే చూడండి" అంటారు. అది బ్రోకరు పని. అద్దెకిప్పించారంటే ఒకసారి కమీషన్ వస్తుంది, నెలనెలా వచ్చేది పోతుంది.

ఒప్పుకోకూడని పనులు

నమ్మకం కుదిరాక పని అడిగేవాళ్లు హద్దులు మరిచిపోతారు. "మీవాళ్లే కదా, సెప్టిక్ ట్యాంకు కూడా దిగి తీసేయండి" అంటారు. వద్దు. 2013 నాటి చట్టం మనుషుల్ని రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలువల్లోకి దించడాన్ని నిషేధించింది. దించినవాడికి జైలు పడొచ్చు. అంతకంటే ముందు, లోపలి గ్యాసుకు దిగినవాడు, అతణ్ని లాగబోయినవాడు ఇద్దరూ పోతారు. పేరున్న సక్షన్ ట్యాంకరు వాళ్ల నంబరు ఇచ్చి ఊరుకోండి. మంచినీళ్ల సంపులోనూ చాలాకాలం మూసి ఉంటే గాలి చాలదు. మూత తీసి చాలాసేపు ఆగాలి, మోటారు మెయిన్ తీసేయాలి, పైన ఒకరు తాడు పట్టుకుని ఉండాలి, డీజిలు పంపు లోపల నడపకూడదు.

యాసిడ్ సంగతీ చెప్పాలి. మరకలు చప్పున పోతాయని కుర్రాళ్లు దాన్నే ఎత్తుకుంటారు. తాండూరు, షాబాదు బండలు సున్నపురాళ్లు, మార్బుల్ కూడా అంతే. యాసిడ్ పడితే మెరుపు పోయి గరుకుతేలుతాయి, ఆ మచ్చ ఇక పోదు. యాసిడ్ పోసిన చోట బ్లీచింగు చల్లితే క్లోరిన్ గ్యాసు లేస్తుంది, మూసిన బాత్రూంలో ప్రాణం మీదికొస్తుంది. ఈ రెండు విషయాలూ ప్రతి కొత్త కుర్రాడికీ మొదటిరోజే చెప్పండి.

కుర్రాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఇంటావిడ గుర్తుపెట్టుకునేది మీ కంపెనీ పేరును కాదు, "ఆ పొడుగు అబ్బాయిని" గుర్తుపెట్టుకుంటుంది. అతను మానేస్తే సగం ఇళ్లు మానేస్తాయి, కొన్ని అతని వెంటే పోతాయి. దానికి విరుగుడు నాకు తెలిసినంతలో అయిదో తేదీలోపు జీతం, వారానికి ఒక సెలవు. పదిమంది పనివాళ్లయితే ఈఎస్ఐ, ఇరవైమందయితే పీఎఫ్ తప్పవు. పదికి చేరకముందే ఆ లెక్కను రేటులో కలుపుకుంటూ రండి.

ఎవరి దగ్గర్నుంచి ఎంత వస్తోందో మూడు నెలలకోసారి చూసుకోండి. ఒకే ఆఫీసు నుంచి మీ రాబడిలో మూడో వంతు వస్తుంటే సంతోషించకండి, వాళ్లు ఆఫీసు మారిన నెలలో జీతాలు ఆగుతాయి. అపార్టుమెంట్లలో ఆ ప్రమాదం కమిటీ మారినప్పుడు వస్తుంది. చాలా అసోసియేషన్ల లెక్కలు మార్చితో ముగుస్తాయి, ఏప్రిల్, మే నెలల్లో జనరల్ బాడీ మీటింగు జరిగి కొత్తవాళ్లు కూర్చుంటారు. కొత్త ట్రెజరర్‌కు తన వాళ్లెవరో ఒకరు ఉంటారు. ఆయన బాధ్యత తీసుకున్న వారంలోనే పాత ట్రెజరర్‌తో ఒక ఫోన్ చేయించుకుని వెళ్లండి. రెండేళ్ల బిల్లులు, ఫొటోలు, తర్వాతి తేదీలు ఒక ఫైల్లో పెట్టి చేతికివ్వండి. అదే రోజు రేటు పెంచమని అడగొద్దు. అది సెప్టెంబరులో, ఆయన చూస్తుండగా ఒకసారి సంపు కడిగాక.